గొడ్ల చావిట్లో యెజ్డీ

ఇనుముకు తుప్పు పట్టడానికి పెద్ద కారణం అక్కరలేదు. గాలి, కాస్త తేమ, పట్టించుకొనే మనిషి లేకపోవడం, ఈ మూడూ ఉంటే చాలు. సముద్రం దగ్గరైతే ఉప్పుగాలి తోడై పని ఇంకా త్వరగా జరుగుతుంది. మా ఊరు రేపల్లె దగ్గర. నిజాంపట్నం వైపు నుంచి వీచే గాలికి మా ఇళ్ళలో తలుపు గడియలు, కిటికీ ఊచలు కూడా ఎక్కువ కాలం నిలవవు. అటువంటి చోట, గొడ్ల చావిట్లో, తవుడు బస్తాల వెనుక, ఒక మోటారుసైకిలు ఇరవై మూడేళ్ళు నిలబడి ఉంది. అది మా నాన్నది. యెజ్డీ.

2024 వేసవిలో దాన్ని బయటకు లాగాను. లాగాను అని వ్రాయడం తేలికే గాని, రెండు చక్రాలూ తిరగలేదు. టైర్లు గాలి పోయి నేలకు అతుక్కుపోయాయి. నలుగురం కలిసి శవాన్ని మోసినట్టు మోసుకొచ్చి వేపచెట్టు కింద నిలబెట్టాం. సీటులో ఎలుకలు కాపురం చేసి వెళ్ళిన గుర్తులు, ఎడమ సైలెన్సరు గొట్టంలో కందిరీగల మట్టిగూడు, హెడ్‌లైటు అద్దం వెనుక సాలెగూడు. ట్యాంకు ఒకప్పుడు ఏ రంగులో ఉండేదో కొత్తవాళ్ళెవరూ చెప్పలేరు. నాకు తెలుసు. ముదురు ఎరుపు.

వరండాలో కుర్చీలో కూర్చుని నాన్న చూస్తున్నారు. ఏమీ అనలేదు. అనలేరు కూడా. ఆ సంగతి కొంచెం ఆగి చెబుతాను.

* * *

ఈ తరం వారికి యెజ్డీ అంటే 2022 లో అదే పేరుతో మళ్ళీ వచ్చిన కొత్త బళ్ళు గుర్తుకు రావచ్చు. నేను చెప్పేది పాతదాని గురించి. మైసూరులో ఐడియల్ జావా అనే కంపెనీ ఉండేది. చెకోస్లొవేకియాలోని జావా కంపెనీతో ఒప్పందం చేసుకుని 1961 నుంచి ఆ మోటారుసైకిళ్ళను మన దేశంలో తయారు చేసింది. 1973 నుంచి వాటికి యెజ్డీ అని పేరు మార్చింది. 1996 లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. కంపెనీ పోయినా బళ్ళు మాత్రం పట్టు వదలని ముసలివాళ్ళలా ఊళ్ళల్లో చాలాకాలం తిరిగాయి.

నాన్న పశుసంవర్ధక శాఖలో పనిచేశారు. ఉద్యోగం కాంపౌండరుదే అయినా చుట్టుపక్కల పది ఊళ్ళకూ ఆయన డాక్టరు గారే. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో తీరం వెంట మనుషులతో పాటు పశువులు కూడా లెక్కకు అందనంతగా పోయాయి. మిగిలినవాటికి మందు వేయడానికి ఆయన సైకిలు మీద తిరిగారట. బురదలో సైకిలునే భుజాన వేసుకుని నడిచిన రోజులే ఎక్కువట. చేరవలసిన వేళకు చేరలేకపోయిన ఊళ్ళ పేర్లు ఆయన నిద్రలో కూడా పలవరించేవారని అమ్మ చెబుతుంది. రెండేళ్ళ తర్వాత, 1979 లో, ప్రావిడెంటు ఫండు మీద అప్పు తీసుకుని, చాలని దానికి అమ్మ గొలుసు కుదువ పెట్టి, ఆ బండి కొన్నారు. నాకప్పుడు ఏడేళ్ళు.

దానిలో నాకు అన్నిటికంటే వింతగా తోచింది ఎడమ పక్కన ఉండే కడ్డీ. కిక్కు కొట్టేదీ అదే, గేరు మార్చేదీ అదే. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు రాడ్డు. ఇంజను అందుకున్నాక ముందుకు వాల్చితే గేరు రాడ్డు. ఇంకో విశేషం కూడా ఉంది. గేరు కడ్డీని కాలితో నొక్కగానే లోపల క్లచ్చి దానంతట అదే విడివడుతుంది. చేత్తో క్లచ్చి పట్టుకోకపోయినా గేరు పడుతుంది. ఈ రెండు సంగతులూ కాస్త గుర్తుంచుకోండి, చివర్లో పని పడుతుంది.

టూ స్ట్రోకు ఇంజను కనుక పెట్రోలులోనే ఆయిలు కలిపి పోయాలి. నాన్న దానికి గేదెలకు వాడే పెద్ద సిరంజి పెట్టుకున్నారు. సూది తీసేసి, ఆయిలు లాగి, దీపం వెలుతురులో గీతలు చూసి కొలిచేవారు. లీటరుకు 40 మిల్లీలీటర్లు. గొంతువాపు టీకాకు ఎంత శ్రద్ధో ఆ కొలతకూ అంతే శ్రద్ధ.

సిలిండరు ఒకటే గాని సైలెన్సర్లు రెండు. ఆ చప్పుడు ఇంకే బండికీ ఉండేది కాదు. రాత్రిపూట ఏ లంకలోనో గేదె ఈనలేక అవస్థ పడుతోందని కబురు వస్తే ఎప్పుడు వెళ్ళేవారో, ఎప్పుడు వచ్చేవారో. తిరిగి వచ్చేటప్పుడు కాలువ వంతెన ఎక్కుతుండగానే చప్పుడు మాకు వినబడేది. అది వినగానే అమ్మ లేచి ఎసట్లో బియ్యం పోసేది. బండి వాకిట్లో ఆగి, ఆయన కాళ్ళు కడుక్కుని, పీట మీద కూర్చునే సరికి అన్నం ఉడికేది. మా ఇంట్లో గడియారం అవసరం ఎప్పుడూ రాలేదు.

* * *

2001 లో నేను నా జీతంతో ఆయనకు ఫోర్ స్ట్రోకు బండి కొనిచ్చాను. ఆయిలు కలపనక్కరలేదు, మైలేజీ రెట్టింపు. నా గొప్ప కూడా అందులో కొంత ఉంది. ఆయన కాదనలేదు. కొడుకు ఇచ్చింది కనుక మర్యాదగా ఎక్కి తిరిగారు. యెజ్డీ చావిట్లోకి వెళ్ళింది. మొదట్లో వారానికొకసారి స్టార్టు చేసేవారట, తర్వాత నెలకొకసారి. తర్వాత గొడ్లను అమ్మేశాం. ఇక చావిట్లోకి వెళ్ళే పనే లేకుండా పోయింది. నిర్లక్ష్యం చేద్దామని ఎవరూ ఒక రోజు కూర్చుని నిర్ణయించుకోరు. రేపు చూద్దాం అనుకుంటారు, అంతే.

2009 లో ఇల్లు బాగు చేయిస్తున్నప్పుడు చావిడి ఖాళీ చేద్దామని పాత ఇనుము కొనేవాడిని పిలిచాను. కిలోల లెక్కన బేరం కుదిర్చి డబ్బు కూడా తీసుకున్నాను. వాళ్ళు తోపుడు బండి మీదకు ఎక్కిస్తుండగా నాన్న పొలం నుంచి వచ్చారు. నన్ను ఒక్క మాట అనలేదు. తన జేబులోంచి డబ్బు తీసి వాడికిచ్చి, "దించు నాయనా" అన్నారు. తానూ ఒక చెయ్యి వేసి మళ్ళీ చావిట్లో పెట్టించారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర, "వాడుకోనిది ఎందుకు నాన్నా?" అన్నాను.

"వాడుకోనివన్నీ అమ్మేస్తామా రా?" అన్నారు.

నేను బదులు చెప్పలేదు. ఆ తర్వాత పదమూడేళ్ళ పాటు మా ఇద్దరి మధ్య ఆ బండి ప్రస్తావన రాలేదు. రాకుండా చూసుకున్నాం. ఒక విషయం మాట్లాడకూడదని ఇద్దరు మనుషులు అనుకుంటే, దాని పక్కనున్న విషయాలు కూడా ఒక్కొక్కటే మూగపోతాయి. చివరకు ఫోనులో "వానలు పడ్డాయా నాన్నా?", "పడ్డాయి. అమ్మకివ్వనా?", "ఇవ్వండి" మిగిలాయి.

2022 లో ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు బాగా బలహీనపడ్డాయి. కొన్ని నెలలకు చేతికర్రతో నాలుగడుగులు వేయగలిగారు గాని మాట తిరిగి రాలేదు. ఎదుటివారు చెప్పేది అర్థమవుతుంది. తాను చెప్పదలచుకున్నది లోపల ఉంటుంది. నోటికి మాట అందదు. మెదడు ఎడమ భాగం దెబ్బతిన్నప్పుడు ఇలా జరుగుతుందని డాక్టరు చెప్పారు. ఇలాంటివారిలో కొందరికి ఒకటో రెండో మాటలు మాత్రం మిగులుతాయట. నాన్నకు మిగిలిన మాట "సరే". ఆకలి వేస్తే "సరే". అన్నం చాలనడానికీ "సరే". కోపం వచ్చినా ఆ మాటే.

ఇద్దరికీ మాట ఉన్న పదమూడేళ్ళూ మేము మాట్లాడుకోలేదు.

* * *

ఇంటి నుంచే ఉద్యోగం చేసుకొనే వీలు దొరికి, 2024 వేసవిలో కొన్ని నెలలు ఉందామని ఊరు వచ్చాను. తండ్రి మీద ప్రేమతో పాత బండి బాగు చేయిస్తున్నాడని బంధువులు అన్నారు. నేను కాదనలేదు. కాని నిజం వేరే ఉంది. ఆయన ఎదురుగా ఊరికే కూర్చోవడం నావల్ల కాలేదు. చేతులకు ఏదో ఒక పని, కళ్ళకు చూడటానికి ఇంకేదో వస్తువు కావలసి వచ్చింది. అప్పుడు గుర్తుకు వచ్చింది చావిడి.

తెనాలిలో జావాల సంగతి తెలిసిన పాత మెకానిక్కు ఒకాయన ఉన్నారు. డెబ్బై ఏళ్ళకు దగ్గరలో ఉంటారు. అందరూ భాయ్ గారు అంటారు. వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగి, వేలితో ట్యాంకు అడుగు గీకి చూసి, "పై తుప్పు చూసి బెంగపడకండి బాబూ. లోపల పిస్టను పట్టేసిందేమో ముందు చూద్దాం" అన్నారు. కిక్కు రాడ్డు మీద ఇద్దరం నిలబడినా కదలలేదు. పట్టేసింది.

మొదటి రోజు నేను ఉత్సాహంగా పానా పట్టుకుని మూడు బోల్టుల తలలు తెంపాను. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది, రెండింతలకు పైగా. బోల్టు మరల సందులో పుట్టిన తుప్పు ఉబ్బి, ఏ మనిషీ బిగించలేనంత గట్టిగా నట్టును బిగిస్తుంది. దానిమీద బలం చూపిస్తే బోల్టే తెగుతుంది. భాయ్ గారు నా చేతిలోంచి పానా తీసుకుని పక్కన పెట్టారు. "నూనె పోయండి. ఇవాళ్టికి ఇంతే. రేపు చూద్దాం."

ఆ పనిలో నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే, నూనె పోసి ఆగడం. మర్నాడు కాస్త వేడి చూపించి, సుత్తితో మెల్లగా తట్టి, ముందు బిగించే వైపుకే రవ్వంత తిప్పాలి. విప్పే వైపుకు తిప్పడం ఆ తర్వాత. విడిపించాలంటే ముందు బిగింపు వైపుకు కాస్త పోవాలన్నది నాకు తెలియని విషయం. ఇలా ఒక్క ముందు మడ్‌గార్డు ఊడదీయడానికే మూడు రోజులు పట్టింది.

పిస్టను సంగతి ఇంకా ఓపిక అడిగింది. ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలోంచి డీజిలూ ఆయిలూ కలిపి సిలిండరులోకి పోసి వదిలేశాం. ఈలోగా బ్రేకులు విడదీసి చక్రాలు తిరిగేటట్లు చేసుకున్నాం. ఆరు రోజుల పాటు రోజూ కొంచెం కొంచెం పోశాను. ఏడో రోజు గేరులో పెట్టి, వెనుక చక్రాన్ని ముందుకూ వెనక్కూ ఉయ్యాల ఊపినట్టు ఊపుతుంటే, లోపల ఎక్కడో టక్కుమంది. చక్రం జానెడు కదిలింది. అప్రయత్నంగా వరండా వైపు చూశాను. నాన్న కుర్చీలో ముందుకు వంగి ఉన్నారు.

ఇంజను విప్పితే సిలిండరు గోడకు తుప్పు తిన్న గుంటలు కనబడ్డాయి. విజయవాడ ఆటోనగరుకు తీసుకెళ్ళి లేతు షాపులో బోరు చేయించి, ఒక సైజు పెద్ద పిస్టను వేయించాం. ఆయిలు సీళ్ళు ఎండి చెక్కముక్కల్లా అయ్యాయి. టూ స్ట్రోకు ఇంజనుకు అవి ప్రాణం. పెట్రోలు గాలి మిశ్రమం ముందు క్రాంకు గదిలోకి వచ్చి, అక్కడ నలిగి, తర్వాత పైకి పోతుంది. సీలు దగ్గర గాలి దూరితే ఎంత మంచి కార్బురేటరు ఉన్నా లాభం లేదు. కంపెనీ మూతపడి ఇరవై ఎనిమిదేళ్ళయినా విడిభాగాలు దొరకడం ఆశ్చర్యమే. బెంగళూరు, మైసూరు వైపు నుంచి కొన్ని తెప్పించాను. హైదరాబాదు వెళ్ళినప్పుడు ఎర్రగడ్డ ఆదివారం సంతలో నేల మీద పరిచిన సామాన్లలో వెతికితే, స్పీడోమీటరు చుట్టూ ఉండే వలయం ఒకటి దొరికింది. బంగారు ఉంగరం దొరికినా అంత సంతోషం కలిగేది కాదేమో.

ట్యాంకు లోపలి తుప్పు వదిలించడానికి గులకరాళ్ళు, డీజిలు పోసి మూత పెట్టి, చల్ల చిలికినట్టు ఊపాం. ఎర్రటి బురద వచ్చింది గాని తుప్పు పూర్తిగా వదలలేదు. అమ్మ చూసి, "చింతపండు వేసి తోమరాదూ, బిందెలు తోమినట్టు" అంది. నేను నవ్వాను. భాయ్ గారు నవ్వలేదు. "పులుపే కదమ్మా దానికి మందు" అన్నారు. కిలో చింతపండు నానబెట్టి, చిక్కగా పిసికి, వడకట్టి, ట్యాంకు నిండా పోసి రెండు రోజులు ఉంచాం. వంచితే కాటుకలాంటి నల్లటి రసం వచ్చింది. సోడా కలిపిన నీళ్ళతో కడిగి, ఎండలో ఆరబెట్టి, వెంటనే లోపలంతా ఆయిలు తిప్పాం. లేకపోతే శుభ్రమైన ఇనుముకు ఒక్క రాత్రిలో మళ్ళీ తుప్పు మొదలవుతుంది.

తీరా వెలుతురుకు పెట్టి చూస్తే అడుగున రెండు సూది బెజ్జాలు. "ఇన్నాళ్ళూ కారకుండా ఆపింది తుప్పే. అది పోయేసరికి బెజ్జం బయటపడింది" అన్నారు భాయ్ గారు ఇత్తడి అతుకు వేస్తూ. తుప్పును ఆపవచ్చు, తీసివేయవచ్చు. అది తిన్న ఇనుమును మాత్రం ఎవరూ తిరిగి తేలేరు. ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

* * *

ట్యాంకుకు ఎడమ వైపు అరచేయంత సొట్ట ఉంది. రంగు వేసే ముందు దాన్ని లేపించాలని తీసుకెళ్ళబోతున్నాను. వరండాలోంచి "సరే! సరే!" అని కేక వినబడింది. తీసుకెళ్ళమంటున్నారు కాబోలు అనుకుని రెండడుగులు వేశాను. చేతికర్ర నేలకేసి కొట్టారు. వెనక్కి వచ్చాను. ఆయన ఎడమ చేతిని కణత పక్కన పెట్టి, వేళ్ళు వంచి చూపించారు. నాకు అర్థం కాలేదు. మళ్ళీ చూపించారు. ముఖం ఎర్రబడింది.

"గేదె కొమ్ము" అంది అమ్మ వెనుక నుంచి.

అప్పుడు అమ్మ చెప్పింది. నేను ఆరో తరగతో ఏడో తరగతో చదువుతున్నప్పుడు, ముసురు రాత్రి, ఒక ఊళ్ళో దూడ అడ్డం తిరిగి గేదె ఈనలేకపోతే నాన్న వెళ్ళారట. తెల్లవారుజామున దూడను ప్రాణంతో బయటకు తీశారట. బాధలో ఉన్న గేదె లేచీ లేవడంతోనే పక్కన నిలబెట్టిన బండిని కుమ్మిందట. ఆ ఇంటివాళ్ళ దగ్గర ఇవ్వడానికి డబ్బు లేదు. మూడు రోజులు వరుసగా జున్నుపాలు పంపారు.

ఆ జున్ను నాకు గుర్తుంది. మిరియాలు, బెల్లం వేసి అమ్మ వండిన జున్ను, మూడు రోజులు వరుసగా. సొట్ట ఎప్పుడు పడిందో మాత్రం ఎన్నడూ అడగలేదు. సొట్టను అలాగే ఉంచి దానిమీదే రంగు వేయించాను.

ఆ రోజు నుంచి ఆయన "సరే"లను వినడం మొదలుపెట్టాను. అంతవరకూ వింటున్నాననే అనుకున్నాను. సాగదీసి దిగువకు దింపితే ఔను. తుంచినట్టు అంటే వద్దు. రెండుసార్లు వెంటవెంటనే అంటే ఆగు, తప్పు చేస్తున్నావు. చివర పైకి లేపితే అది ప్రశ్న. అమ్మకు ఈ నాలుగూ మొదటి నెలలోనే తెలుసట. చప్పుడు విని ఇంజనులో లోపం ఎక్కడుందో చెప్పగల మనిషికి కొడుకునై ఉండి, ఒక్క మాటలోని నాలుగు చప్పుళ్ళు తెలుసుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

* * *

జూలై నెలాఖరుకు ఇంజను బిగించాం. రంగు ఆరింది, స్పోకులు మారాయి. కిక్కు కొడితే మాత్రం రాలేదు. ఒకసారి టప్పుమని వెనక్కి తన్నింది, నా పిక్క రెండు రోజులు వాచింది. భాయ్ గారు టైమింగు అన్నారు. ఆయన కళ్ళకు అప్పటికి నెల క్రితమే శుక్లాల ఆపరేషను అయింది. సన్నపని చూపు ఇంకా కుదురుకోలేదు. నేను చేశాను, ఆయన చెప్పారు. మూడు రోజులు ఇద్దరం విసిగిపోయాం.

పాయింట్లు అంటే రెండు చిన్న లోహపు బిళ్ళలు. వాటి సందు నిండా తెరుచుకున్నప్పుడు 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. అవి అంటుకుని ఉండి, విడివడిన క్షణంలో ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పుడుతుంది. పిస్టను పైకొసకు చేరడానికి సుమారు 3 మిల్లీమీటర్ల ముందు ఆ క్షణం రావాలి. మరీ ముందుగా వస్తే బండి వెనక్కి తంతుంది. ఆలస్యమైతే బలం లేక వేడెక్కుతుంది. ఆ క్షణం ఎప్పుడొచ్చిందో కంటికి తెలియదు, అంత సన్నం.

మూడో రోజు సాయంత్రం నాన్న కర్ర పట్టుకుని మెట్లు దిగారు. అమ్మ వెనుకే వచ్చింది. బండికి కుడి పక్కన, డైనమో దగ్గర, ముక్కాలి పీట వేయించుకుని కూర్చున్నారు. ఎడమ చేతి రెండు వేళ్ళు పెదవుల దగ్గర పెట్టి సిగరెట్టు కాల్చినట్టు చూపించారు. నేను నిర్ఘాంతపోయాను. ఆయన జన్మలో సిగరెట్టు ముట్టలేదు. భాయ్ గారు మాత్రం నుదురు కొట్టుకున్నారు. "యా అల్లా, ఎలా మరిచిపోయాను! పెట్టె మీద ఉండే పల్చటి కాగితం బాబూ!"

కుర్రాడు పరుగున వెళ్ళి బడ్డీకొట్టు నుంచి ఖాళీ సిగరెట్టు పెట్టె తెచ్చాడు. దానిమీది గాజులాంటి పల్చటి కాగితాన్ని సన్నగా చించి పాయింట్ల మధ్య పెట్టాం. కొసను నాన్న తన ఎడమ చేతి వేళ్ళతో పట్టుకున్నారు. నన్ను క్రాంకు తిప్పమని కళ్ళతో సైగ చేశారు. డైనమో బోల్టుకు పానా వేసి మెల్లగా తిప్పుతున్నాను. పాయింట్లు కాగితాన్ని కరిచి పట్టుకున్నాయి. ఆయన సన్నగా లాగుతూ ఉన్నారు. ఇంకొంచెం తిప్పాను. ఇంకొంచెం. కాగితం జారి ఆయన చేతిలోకి వచ్చేసింది.

"సరే."

అదీ ఆ క్షణం. ప్లగ్గు రంధ్రంలో పెట్టిన కొలబద్ద భాయ్ గారి కుర్రాడు చదివాడు. నాలుగున్నర. ప్లేటు వదులు చేసి వెంట్రుకవాసి జరిపి, మళ్ళీ కాగితం, మళ్ళీ తిప్పడం. ఎడమ చెయ్యి మొదట్లో వణికింది. నాలుగోసారికి వణుకు ఆగిపోయింది. గేదె కడుపులో దూడ ఎటు తిరిగి ఉందో వేళ్ళతో చూసిన మనిషి. ఏడోసారికి కాగితం జారడమూ, కుర్రాడు "మూడు" అనడమూ ఒకేసారి జరిగాయి. నాన్న సాగదీసి, దిగువకు దింపి, "సరే..." అన్నారు.

రెండో కిక్కుకు ఇంజను అందుకుంది.

ముందు పొగ, నీలంగా, వేపకొమ్మల దాకా. తర్వాత ఆ చప్పుడు. దాన్ని అక్షరాల్లో పెట్టడం నాకు చేతకాదు. విన్నవాళ్ళకు చెప్పనక్కరలేదు. భాయ్ గారు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు. నాన్న ట్యాంకు మీద, సరిగ్గా ఆ సొట్టలో, ఎడమ అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నారు. ఏ "సరే" అనలేదు.

అమ్మ ఎటు వెళ్ళిందో చూస్తే వంటింట్లో ఉంది. పొయ్యి మీద ఎసరు. ఇంకా దీపాలైనా పెట్టలేదు, ఎవరికీ ఆకలి లేదు. "ఇప్పుడు అన్నమెందుకమ్మా?" అన్నాను. "ఏమో రా, చెయ్యి దానంతట అదే పోయింది" అంది బియ్యం కడుగుతూ.

* * *

బండికి రోడ్డెక్కే అర్హత ఇంకా రాలేదు. రిజిస్ట్రేషను గడువు ఎప్పుడో దాటిపోయింది. మొదటి పదిహేనేళ్ళ తర్వాత ఐదేళ్ళకొకసారి పునరుద్ధరించుకోవాలి. ఆ కాగితాల పని నడుస్తోంది. అందాకా మా ప్రహరీ దాటదు. నేను హైదరాబాదు నుంచి రెండు వారాలకొకసారి, శనివారం రాత్రి ఊరు వస్తాను. ఆదివారం ఉదయం సిరంజి, ఆయిలు డబ్బా నాన్న ముందు పెడతాను. అమ్మ ఆ సిరంజిని ట్రంకు పెట్టెలో దాచి ఉంచింది. ఆయన ఎడమ చేత్తో ఆయిలు లాగి, వెలుతురుకు పెట్టి గీతలు చూస్తారు. లీటరుకు 40. ఆ లెక్క ఆయనను విడిచిపోలేదు.

ఒక ఆదివారం ఆయన లేచి వచ్చి సీటు తట్టి, చివర పైకి లేపి "సరే?" అన్నారు. ఎక్కుతానని. అమ్మ వద్దని భయపడింది. భాయ్ గారి కుర్రాడూ నేనూ చెరో పక్క పట్టుకుని, నడుమ స్టాండు మీద నిలబెట్టిన బండిపై కూర్చోబెట్టాం. వెనుక చక్రం నేలకు తగలదు కనుక బండి ఎక్కడికీ పోదు. ఇంజను స్టార్టు చేసి కడ్డీని ముందుకు వాల్చాను.

మొదట గుర్తుంచుకోమన్న సంగతులు ఇక్కడ పని పడతాయి. కడ్డీ ఉన్నది ఎడమ పక్క. ఆయన ఎడమ కాలికి ఏమీ కాలేదు. గేరు వేయడానికి చేత్తో క్లచ్చి పట్టనవసరమూ లేదు. కుడి చెయ్యి మాత్రం యాక్సిలరేటరు మీద నిలవడం లేదు. నేను ఆ చేతిని పిడి మీద పెట్టి, దానిమీద నా చెయ్యి వేశాను. ఎడమ కాలు కడ్డీని వెతుక్కుని, ఒక్కసారి నొక్కింది. వెనుక చక్రం తిరగడం మొదలుపెట్టింది. ఆయన చెయ్యి కింద, నా చెయ్యి పైన. ఏది తిప్పుతోందో చెప్పలేను.

చక్రం తిరుగుతుండగా ఆయన చెవి దగ్గర వంగి, "ఆ రోజు దీన్ని అమ్మబోవడం తప్పు నాన్నా" అన్నాను. పదిహేనేళ్ళు పట్టింది ఆ వాక్యానికి.

"సరే" అన్నారు.

నాకు తెలిసిన నాలుగింటిలో అది ఏదీ కాదు. సాగదీయలేదు, తుంచలేదు, రెండుసార్లు అనలేదు, పైకి లేపలేదు. ఇంజను చప్పుడులో నాకు సరిగా వినబడలేదేమో కూడా. మళ్ళీ అడగలేదు.

బండి ఆపి, ఆయనను దింపి కుర్చీలో కూర్చోబెట్టి, నూనె గుడ్డ తీసుకుని రిమ్ములూ స్పోకులూ ఒక్కొక్కటే తుడుస్తూ కూర్చున్నాను. మా ఊళ్ళో ఉప్పుగాలి ఏనాడూ ఆగదు కదా.